విశాఖ రేవులో నేపాల్ సరుకు: చిన్న దేశాల విదేశాంగ విధానాన్ని ఎలా చదవాలి

(విశాఖపట్నంలో రాజనీతి శాస్త్రం చదువుతున్న డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది విశాఖలో పుట్టి పెరిగినవాళ్లే. పోర్టు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక మాట అడుగుతాను. మన రేవులో దిగిన కంటైనర్లు కొన్ని ఇక్కడే రైలెక్కి, ఉత్తరాదికి పోయి, బిహార్‌లో రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి నేపాల్‌లోని బీర్‌గంజ్ చేరతాయని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు. సరే, దించండి.

నేపాల్‌కి సముద్రం లేదు. ఓడ మీద వచ్చే సరుకు మన దేశంలో దిగాలి, మన రైల్లోనో లారీలోనో పోవాలి. ఎన్నో దశాబ్దాలు దానికి కోల్‌కతా ఒక్కటే దారి. కోల్‌కతా నది మీద ఉన్న రేవు. పెద్ద ఓడలు అంత లోపలికి రాలేవు, రద్దీ ఎక్కువ, సరుకు రోజుల తరబడి పడి ఉంటుంది. ఇంకో రేవు ఇవ్వమని నేపాల్ చాలాకాలం అడిగింది. 2016 ఫిబ్రవరిలో నేపాల్ ప్రధాని కె.పి. శర్మ ఓలీ ఢిల్లీ వచ్చినప్పుడు విశాఖ రేవు గురించి రెండు ప్రభుత్వాలూ లేఖలు మార్చుకున్నాయి. మరుసటి ఏడాది సరుకు కదిలింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కోల్‌కతా నుంచి బీర్‌గంజ్ సుమారు 700 కిలోమీటర్లు. విశాఖ నుంచి 1,400 కిలోమీటర్ల పైమాటే. రెట్టింపు దూరం. అయినా నేపాల్ పట్టుబట్టి ఈ రేవు కావాలంది. లోతైన రేవు కదా, పెద్ద ఓడలు వస్తాయి కదా అని మీరు చెప్పొచ్చు. నిజమే. కానీ ఆ తేదీ చూడండి, 2016 ఫిబ్రవరి. దానికి ముందు ఐదు నెలలు నేపాల్‌లో ఇళ్లలో పొయ్యిలు ఎలా వెలిగాయో తెలిస్తే రెట్టింపు దూరం ఎందుకు ఒప్పుకున్నారో అర్థమవుతుంది. అక్కడికే వస్తున్నాను.

ముప్పై ఏళ్లు నేను విదేశాంగ విధానం పాఠం చెప్పాను. అమెరికా ఒక యూనిట్, రష్యా ఒక యూనిట్, చైనా ఒక యూనిట్, భారత్ రెండు యూనిట్లు. చిన్న దేశాలు చివర్లో ఎక్కడో అరపేజీ. పరీక్షలో రాదు కాబట్టి టైముంటే చెప్పేవాణ్ణి, లేకపోతే లేదు. అది తప్పని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పాలని ఈరోజు వచ్చాను. చిన్న దేశం విదేశాంగ విధానమంటే పెద్ద దేశం చేసే పనినే చిన్న కొలతలో చేయడం అనుకుంటాం. అది వేరే పని. దానికి వేరే చూపు కావాలి. మనం పెద్ద దేశంలో పుట్టినవాళ్లం, ఆ చూపు మనకు పుట్టుకతో రాదు. పనిగట్టుకుని నేర్చుకోవాలి.

ముందు, చిన్న దేశమంటే ఏంటి? నేపాల్ విస్తీర్ణం సుమారు 1,47,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ కంటే పెద్దది, మన ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది. 2021 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 2.9 కోట్ల మంది. ఐరోపాలో పెడితే అది చిన్న దేశం కాదు. నార్వే, స్వీడన్, డెన్మార్క్ ముగ్గురి జనాభా కలిపినా అంత రాదు. మరి చిన్నది అని ఎందుకంటున్నాం? దానికి ఒకవైపు మనం, ఇంకోవైపు చైనా ఉన్నాం కాబట్టి. రెండు బండల మధ్య పెండలం దుంప అని నేపాల్ రాజ్యాన్ని కూడగట్టిన పృథ్వీనారాయణ్ షా తన దేశాన్ని పోల్చాడని అక్కడి బడిపిల్లలందరికీ తెలుసు. 18వ శతాబ్దపు మాట. చిన్నదనం అనేది పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మన రోజువారీ బతుకులో కూడా అంతే కదా.

ఇప్పుడు 2015కి వస్తాను. ఆ ఏడాది ఏప్రిల్ 25న నేపాల్‌లో భారీ భూకంపం వచ్చింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. సెప్టెంబర్ 20న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. భారత్ సరిహద్దుని ఆనుకుని ఉన్న తరాయి మైదాన ప్రాంతంలో మధేశీలు, అంటే అక్కడి ప్రజలు, తమకు న్యాయం జరగలేదని ఆందోళనకు దిగారు. సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి. మన ప్రభుత్వం తాము ఏ దిగ్బంధమూ పెట్టలేదని, ఆందోళనల వల్ల, భద్రత లేకపోవడం వల్ల లారీ డ్రైవర్లే పోవడం లేదని చెప్పింది. నేపాల్ ప్రజల్లో ఎక్కువమంది అది భారత్ పెట్టిన దిగ్బంధమే అని నమ్మారు, ఇప్పటికీ నమ్ముతారు. తగువు తీర్చడానికి నేను రాలేదు. అక్కడ చూసిన ఒక విషయం మాత్రం చెబుతాను.

ఆ చలికాలంలో ఒక సెమినార్ పని మీద నేను ఖాట్మండూ వెళ్లాను. అక్కడ పాఠాలు చెప్పే ఒక మిత్రుడు భోజనానికి ఇంటికి పిలిచాడు. నాలుగంతస్తుల ఇల్లు. భూకంపానికి గోడ మీద పడిన బీట అలాగే ఉంది. వంటగదిలో గ్యాస్ పొయ్యి మీద గుడ్డ కప్పి ఉంది. వంటంతా డాబా మీద. మూడు ఇటుకలు పెట్టి, విరిగిన తలుపు చెక్కలు, కిటికీ చట్రాలు ముక్కలు చేసి మంట పెట్టారు. భూకంపంలో కూలిన ఇంటి చెక్కే వంటచెరకు అయింది. ఆ నెలల్లో గ్యాస్ కంపెనీ సిలిండర్‌లో సగమే నింపి ఇచ్చేది. ఆ సగం సిలిండర్ కోసం కూడా ఖాళీ సిలిండర్లకు గొలుసు వేసి, రోడ్డు పక్కన వరసలో పెట్టి, రాత్రుళ్లు వంతులవారీగా కాపలా ఉండేవాళ్లు. కరెంటు ఉంటే కదా కరెంటు పొయ్యి మీదైనా వండుకునేది.

ఆ మిత్రుడి తల్లికి డెబ్భై ఏళ్లుంటాయి. పొగకి కళ్లు తుడుచుకుంటూ నాకు టీ గ్లాసు అందించి హిందీలో ఒక మాట అడిగింది. "ఇదంతా మీ టీవీల్లో చూపిస్తున్నారా బాబూ?" అని. కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేను లేదమ్మా అన్నాను. ఆమె తలూపి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో అందరూ భారత్ గురించి మాట్లాడుతున్నారు. బిహార్ ఎన్నికల్లో ఎవరికి ఎన్ని సీట్లు వచ్చాయో, మన విదేశాంగ శాఖ ప్రతినిధి ఏ మాట వాడారో, ఏ మాట వాడకుండా దాటేశారో అన్నీ వాళ్లకి నోటికి వచ్చు. నేను విశాఖ నుంచి బయలుదేరేటప్పుడు మా వీధిలో నేపాల్ గురించి మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. మీరు ముందుగా పట్టుకోవాల్సిన సంగతి ఇదే. చిన్న దేశానికి పెద్ద దేశంతో సంబంధం బతుకు విషయం. పెద్ద దేశానికి అదే సంబంధం చాలా ఫైళ్లలో ఒక ఫైలు. బలంలో తేడా అందరికీ కనబడుతుంది. పట్టించుకోవడంలో ఉన్న తేడా పెద్దవాడికి కనబడదు. అపార్థాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. పెద్ద దేశంలో ఒక కింది స్థాయి అధికారి అలవాటుగా తీసుకున్న నిర్ణయం చిన్న దేశంలో కుట్రలాగా కనిపిస్తుంది. చిన్న దేశం వణికిపోతూ వేసిన అడుగు పెద్ద దేశానికి పొగరులాగా కనిపిస్తుంది.

పాతదొకటి చూడండి. 1950 జూలై 31న భారత్, నేపాల్ శాంతి మైత్రీ ఒప్పందం చేసుకున్నాయి. దాని చివరి పేజీలో సంతకాలు చూడండి. నేపాల్ తరఫున సంతకం పెట్టింది ఆ దేశ ప్రధాని మోహన్ శంషేర్ రాణా. భారత్ తరఫున పెట్టింది ఖాట్మండూలో మన రాయబారి చంద్రేశ్వర్ నారాయణ్ సింగ్. ప్రధానికి ఎదురుగా రాయబారి. మన పాఠ్యపుస్తకాల్లో ఈ విషయం ఉండదు. ఉన్నా మనం ఆగి చూడం. నేపాల్‌లో రాజకీయాల మీద కాస్త ఆసక్తి ఉన్న ఏ కుర్రాణ్ణి అడిగినా ముందు ఇదే చెబుతాడు. ఒప్పందాన్ని చదివేటప్పుడు అందులో షరతులతో పాటు ఎవరి హోదా ఏమిటో, ఎవరి ఊళ్లో సంతకమైందో కూడా చూడండి.

1989లో నేపాల్‌తో వాణిజ్య ఒప్పందం, ట్రాన్సిట్ ఒప్పందం (అంటే మన నేల మీదుగా వాళ్ల సరుకు పోనిచ్చేది) గడువు తీరిపోయి మార్చి 23 నుంచి సరిహద్దులో 15 దారుల్లో 13 మూసేశాం. చైనా నుంచి ఆయుధాలు కొన్నారన్నది మన ప్రధాన అభ్యంతరం. అప్పుడు ప్రధాని రాజీవ్ గాంధీ, విదేశాంగ మంత్రి మన పి.వి. నరసింహారావు గారు. పీవీ గారి మీద నాకున్న గౌరవం మీకు తెలుసు. తూర్పు ఆసియా వైపు మన చూపు మళ్లించిన మనిషి ఆయన. అయినా ఆ మూసివేత చరిత్రలో ఉంది, చదవాలి. 2015లో లారీలు ఆగగానే ఖాట్మండూలో పెద్దవాళ్లందరికీ 1989 గుర్తొచ్చింది. మనకి గుర్తు రాలేదు. 2016 ఫిబ్రవరిలో విశాఖ రేవు అడిగిన ఓలీయే మరుసటి నెల, అంటే మార్చిలో, బీజింగ్ వెళ్లి చైనాతో ట్రాన్సిట్ ఒప్పందం మీద సంతకం పెట్టారు. హిమాలయాలు దాటి చైనా రేవులకి పోవడం ఎంత కష్టమో ఆయనకి తెలియదా? తెలుసు. ఆ దారిలో ఎంత సరుకు వస్తుందని కాదు, ఇంకో దారి ఉందని చెప్పుకోవడానికి అది కావాలి. విశాఖ కూడా కొంతవరకు అలాంటిదే. కోల్‌కతాలో ఏ కారణం చేతనైనా పని ఆగితే ఇక్కడ ఒక రేవు ఉంటుంది.

ఇప్పుడు మనం చదివే శాస్త్రం దగ్గరికి వద్దాం. విదేశాంగ విధాన విశ్లేషణలో అందరూ చదివే ఉదాహరణ 1962 అక్టోబర్ క్షిపణి సంక్షోభం. క్యూబాలో సోవియట్ క్షిపణులు, అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్, 13 రోజులు. గ్రాహం ఆలిసన్ 1971లో దాని మీద రాసిన పుస్తకం మన శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి. పెద్ద దేశం ఒక మనిషిలా ఆలోచించదని, సైన్యానికి ఒక పద్ధతి, గూఢచారి సంస్థకు ఒక పద్ధతి, మంత్రులకు తలా ఒక లెక్క ఉంటాయని, వాళ్ల లాగులాటలోంచి వచ్చిన దాన్నే మనం విధానం అంటామని ఆయన చూపించాడు. పెద్ద దేశాలను చదవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. అక్టోబర్ 27న పరిస్థితి బిగుసుకుపోయి ఉన్నప్పుడు ఒక అమెరికన్ నిఘా విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయింది. అధ్యక్షుడు పంపలేదు. ఆ గంటకి ఆయనకి తెలియను కూడా తెలియదు. అంత పెద్ద యంత్రం, ఏ చక్రం ఎటు తిరుగుతుందో నడిపేవాడికే తెలియదు.

అదంతా నిజం. కానీ ఆ కథలో క్యూబా ఎక్కడుంది? క్షిపణులు ఉన్నది వాళ్ల నేల మీద. బాంబులు పడితే పడేది వాళ్ల నెత్తిన. అక్టోబర్ 28న క్షిపణులు వెనక్కి తీసుకుపోతామని క్రుశ్చేవ్ మాస్కో రేడియోలో ప్రకటించేదాకా క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోతో ఒక్క మాట సంప్రదించలేదు. వార్తల ద్వారా తెలిసింది ఆయనకి. ఆయన ఏం చేశాడు? తనిఖీ కోసం ఏ బృందాన్నీ క్యూబా నేల మీద అడుగు పెట్టనివ్వనన్నాడు. పెట్టనివ్వలేదు. అమెరికా చివరికి సముద్రంలో పోతున్న సోవియట్ ఓడల మీద క్షిపణులు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. కాస్ట్రోని సముదాయించడానికి క్రుశ్చేవ్ తన సీనియర్ సహచరుడు మికోయాన్‌ని హవానా పంపాడు. ఆయన హవానాలో ఉండగా మాస్కోలో భార్య చనిపోయింది. అంత్యక్రియలకి కూడా పోకుండా ఆ చిన్న దేశాన్ని ఒప్పించే పనిలోనే వారాల తరబడి ఉండిపోయాడు. 13 రోజుల్లో ముగిసిందని మనం చెప్పుకునే సంక్షోభం క్యూబాతో ముగియడానికి నవంబర్ దాకా పట్టింది. 1992లో హవానాలో జరిగిన ఒక సదస్సులో అమెరికన్లు, రష్యన్లు, క్యూబన్లు కలిసి కూర్చున్నాకే ఆ మూడో పక్షం కథ పండితులకి సరిగ్గా వినబడింది. ముప్పై ఏళ్లు పట్టింది. మన శాస్త్రంలోనే ఈ లోటు ఉంది, గుర్తుంచుకోండి.

అలాగని ఎవరూ చూడలేదని కాదు. 1959లోనే ఆనెట్ బేకర్ ఫాక్స్ అనే అమెరికన్ పండితురాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టర్కీ, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్, స్పెయిన్ ఎలా నెట్టుకొచ్చాయో విడివిడిగా పరిశీలించింది. ఇంకా వెనక్కి పోతే మన దగ్గరే ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం అనగానే మండల సిద్ధాంతం, శత్రువుకి శత్రువు మిత్రుడు, ఇంతే చెబుతాం. అవన్నీ గెలవాలనుకునే రాజు కోసం. అందులో 12వ అధికరణం మొత్తం బలహీనుడైన రాజు కోసం రాసింది. బలవంతుడు మీదికి వస్తే ఏం చేయాలి? పాత ఆచార్యుల్లో భరద్వాజుడు వరదలో పేములాగా వంగమన్నాడు. విశాలాక్షుడు ఉన్న బలమంతా కూడగట్టి తలపడమన్నాడు. కౌటిల్యుడు ఇద్దరినీ కాదన్నాడు. అన్నిచోట్లా వంగేవాడు బతుకు మీద ఆశ వదులుకున్న గొర్రెలాంటి వాడు, చిన్న సేనతో తలపడేవాడు పడవ లేకుండా సముద్రంలో దిగినవాడు అన్నాడు. ఇంకో బలవంతుణ్ణి ఆశ్రయించు, లేదా శత్రువు చొరలేని కోటలో ఉండి పని చూసుకో అన్నాడు. ఆ తర్వాత ఇంకో మెట్టు ఎక్కాడు. మీదికి వచ్చే బలవంతులంతా ఒకటి కాదు, ఒకడు నమస్కారంతో తృప్తిపడతాడు, ఒకడికి నేలా సొమ్మూ కావాలి, ఒకడికి ప్రాణం కూడా కావాలి, ఎదుటివాడు ఏ రకమో ముందు తేల్చుకోమన్నాడు. ఖాట్మండూ డాబా మీద వాళ్లు చేస్తున్నది అదే. మన విదేశాంగ శాఖ వాడిన ప్రతి మాటనీ తూకం వేస్తున్నారు.

కోట అంటే ఈ కాలంలో ఏమిటి? ఐస్‌లాండ్ చెబుతుంది. 1970లలో ఆ దేశ జనాభా రెండు లక్షల పైచిలుకు. సైన్యం లేదు. ఎగుమతుల్లో దాదాపు ముప్పావు వంతు చేపలే. బ్రిటిష్ ట్రాలర్లు వాళ్ల తీరానికి వచ్చి కాడ్ చేపల్ని ఊడ్చుకుపోతున్నాయి. ఐస్‌లాండ్ తన హద్దుని 1958లో 12 మైళ్లకి, 1972లో 50కి, 1975లో 200 నాటికల్ మైళ్లకి పెంచుకుంటూ పోయింది. ప్రతిసారీ బ్రిటన్ తన నావికాదళాన్ని పంపింది. ఐస్‌లాండ్‌కి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టగల గస్తీ ఓడలు.

వాళ్లు చేసిన పని మన ఫిషింగ్ హార్బర్‌లో ఎవరికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. ట్రాలర్ వెనక వల ఉంటుంది, ఆ వలని లాగే ఇనుప వైర్లు రెండు ఉంటాయి. గస్తీ ఓడ ఆ ట్రాలర్ వెనక నుంచి అడ్డంగా పోతూ, పదునైన కొక్కేలున్న కత్తెరలాంటి పనిముట్టుని గొలుసుకి కట్టి నీళ్లలో ఈడ్చేది. అది వైర్లకి తగిలితే తెగిపోయేవి. వల, అందులో చేప, అన్నీ సముద్రం పాలు. మనిషికి దెబ్బ తగలదు, తుపాకీ పేలదు. వల పోయిన బోటు మాత్రం ఆ ట్రిప్పుకి ఉత్తచేతులతో ఇంటికి పోవాల్సిందే. వల ధర ఎంతో, ఒక ట్రిప్పు పోతే ఇంట్లో పరిస్థితేమిటో మీలో మత్స్యకార కుటుంబాల పిల్లలకి నేను చెప్పనక్కర్లేదు. బ్రిటన్ వైపు బోట్ల మీద ఉన్నదీ కూలికి వచ్చినవాళ్లే. ఆ తగువు ముగిశాక హల్, గ్రిమ్స్‌బీ లాంటి రేవుల్లో ఎన్నో కుటుంబాలు పని పోగొట్టుకున్నాయి. చిన్న దేశం గెలిచిందని చెప్పేటప్పుడు అది కూడా చెప్పాలి.

వల తెంచితే బ్రిటన్ లొంగుతుందా? లొంగదు. ఐస్‌లాండ్ అసలు కోట వేరే చోట ఉంది. ఆ దేశంలోని కెఫ్లావిక్‌లో నాటో స్థావరం ఉంది. నాటో అంటే అమెరికా, బ్రిటన్, ఐస్‌లాండ్ అన్నీ ఉన్న సైనిక కూటమి. అట్లాంటిక్‌లోకి వచ్చే సోవియట్ జలాంతర్గాముల మీద నిఘా అక్కడి నుంచే. చేపలు లేకపోతే మాకు నాటో ఎందుకని ఐస్‌లాండ్ అడగడం మొదలుపెట్టింది. 1976 ఫిబ్రవరిలో బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. అమెరికాకి కంగారు పుట్టింది. జూన్ 1న ఒప్పందం కుదిరింది. 24 బ్రిటిష్ ట్రాలర్లు ఆరు నెలలు, అంతే, తర్వాత సెలవు. పెద్దవాళ్లకి ప్రాణంతో సమానమైన వస్తువు ఒకటి తన దగ్గర ఉందని ఐస్‌లాండ్‌కి తెలుసు. దాన్ని ఎప్పుడు తియ్యాలో, ఎంతవరకే తియ్యాలో కూడా తెలుసు. తనకి చేప ఒక్కటే విషయం, బ్రిటన్‌కి నూరు విషయాలు. ఒక్కదాని మీదే మనసు పెట్టినవాడు నూరింటి మీద పెట్టినవాడి కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

ఆ 200 మైళ్ల సంగతి కొంచెం ఆగి చూద్దాం. 1952లోనే చిలీ, పెరూ, ఈక్వడార్ 200 మైళ్ల సముద్రం తమదని ప్రకటించాయి. అప్పుడు పెద్ద దేశాలు కొట్టిపారేశాయి. 1967 నవంబర్ 1న మాల్టా రాయబారి ఆర్విడ్ పార్డో ఐక్యరాజ్యసమితిలో లేచి, దేశాల హద్దులు దాటాక సముద్రగర్భం మానవజాతి మొత్తం ఉమ్మడి వారసత్వం కావాలని వాదించాడు. మాల్టా స్వతంత్రమై అప్పటికి మూడేళ్లు. అక్కడ మొదలైన చర్చ నడిచి నడిచి 1982 సముద్ర చట్టం ఒప్పందం దాకా వచ్చింది. ఆ చర్చల చివరి దశకి అధ్యక్షుడు సింగపూర్‌కి చెందిన టామీ కోహ్. ఈలోగా 1976లోనే మన పార్లమెంటు కూడా 200 నాటికల్ మైళ్ల చట్టం చేసింది. ఇక్కడ హార్బర్ నుంచి బోటు వేసుకుని పోయే మనవాళ్లకి ఇంత దూరం వరకు మన సముద్రమే అని చెప్పుకునే హక్కు ఉందంటే, ఆ హక్కు వెనక పెరూ, చిలీ, ఐస్‌లాండ్ లాంటి దేశాల పోరాటం ఉంది.

చలిచీమల చేత చిక్కిన పాము పద్యం మీకందరికీ వచ్చు. చిన్న దేశాల మాట రాగానే ఎవరో ఒకరు ఆ పద్యం అందుకుంటారు. దయచేసి దాంతో సరిపెట్టుకోకండి. చీమలు చాలాసార్లు ఓడిపోతాయి. 1975 ఫిబ్రవరిలో నేపాల్ రాజు బీరేంద్ర తన దేశాన్ని శాంతి మండలంగా గుర్తించమని అడిగాడు. వందకు పైగా దేశాలు సరేనన్నాయి. అందులో భారత్ లేదు, అందుకని అది కాగితం మీదే ఉండిపోయింది. అదే ఏడాది మే నెలలో సిక్కిం మన రాష్ట్రమైంది. బీరేంద్ర ఎందుకు అడిగాడో ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇంకోపక్క, చిన్న దేశాల నాయకులు కూడా పెద్ద దేశం మీద కోపాన్ని ఓట్లకి వాడుకుంటారు. మాల్దీవుల్లో 2023 ఎన్నికల్లో ముయిజ్జూ మన సైనికుల్ని పంపేస్తానని గెలిచారు, 2024 మే కల్లా పంపేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి ఒప్పందం చేసుకుని వెళ్లారు. మన టీవీల్లో దీన్ని యూటర్న్ అన్నారు. నాకైతే రెండూ ఒకే లెక్కలోంచి వచ్చినట్టే కనిపిస్తుంది. ఓటరుకి చెప్పాల్సింది చెప్పారు, ఖజానాకి కావాల్సింది తెచ్చుకున్నారు.

సింగపూర్ దారి ఇంకొకటి. సుమారు 735 చదరపు కిలోమీటర్ల దేశం. నిన్నమొన్నటి దాకా ఉన్న హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధి కంటే కాస్త ఎక్కువ. 1978 చివర్లో వియత్నాం కంబోడియాలోకి సైన్యాన్ని పంపితే, సింగపూర్ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లోని తన మిత్రులతో కలిసి ఏటా ఐక్యరాజ్యసమితిలో దాన్ని ఎండగట్టింది. అమెరికా మెచ్చుకుంది. 1983 అక్టోబర్‌లో అమెరికా సైన్యం గ్రెనడా అనే లక్ష జనాభా ద్వీపంలో దిగింది. ఇప్పుడు సింగపూర్ ఏం చేయాలి? మిత్రుడు కదా అని ఊరుకోలేదు. దాన్ని ఖండించే తీర్మానానికి అవునని ఓటేసింది. 108 దేశాలు ఖండనకి అనుకూలం, 9 దేశాలు వ్యతిరేకం. మిత్రుడు చేశాడని ఊరుకుంటే, రేపు తన మీదికి ఎవరైనా వచ్చినప్పుడు చెప్పుకోవడానికి మాట మిగలదన్నది వాళ్ల ఆలోచన. పెద్ద దేశానికి అంతర్జాతీయ చట్టం ఉన్న సాధనాల్లో ఒకటి. సింగపూర్‌కి ఇంటి పైకప్పు. కప్పులో ఎక్కడ పెంకు ఊడినా వాన పడేది తన మీదే.

ఇక మీ వయసువాళ్ల సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. 2019లో పసిఫిక్ ద్వీపాల్లోని విశ్వవిద్యాలయంలో 27 మంది లా విద్యార్థులు క్లాసులో ఒక ప్రశ్న వేసుకున్నారు. సముద్రం పెరిగి మా దేశాలు మునుగుతుంటే, కాలుష్యం చేసే దేశాలకి చట్టప్రకారం బాధ్యత ఉందా లేదా అని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఎందుకు అడక్కూడదు? తమ ప్రభుత్వాలకి ఉత్తరాలు రాశారు. వనువాటు ముందుకొచ్చింది. జనాభా మూడు లక్షల పైచిలుకు. ఆ దేశం ఒక్కో రాజధానినీ ఒప్పించుకుంటూ పోయింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఓటింగ్ అవసరం లేకుండానే తీర్మానం నెగ్గింది. 132 దేశాలు దాన్ని కలిసి ప్రతిపాదించాయి. 2025 జూలై 23న న్యాయస్థానం తన సలహా చెప్పింది, న్యాయమూర్తులంతా ఏకాభిప్రాయంతో. వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అంది. సలహా మాత్రమే, తీర్పు కాదు. దాని బలం ఎంతో ముందు ముందు తెలుస్తుంది. కానీ ఆ ప్రశ్న పుట్టింది ఇలాంటి బెంచీల మీదే.

సరే, ఇప్పుడు పని. మీలో ఒక్కొక్కరూ కోటి జనాభాకి లోపున్న దేశం ఒకటి తీసుకోండి. ఐక్యరాజ్యసమితిలో అది వేసిన ఓటు ఒకటి పట్టుకోండి. ఆ దేశం పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుందో, సరుకు ఏ రేవులో దిగుతుందో, పిల్లలు ఏ దేశానికి పనికి పోతారో చూడండి. అప్పుడు ఆ రాజధానిలో కూర్చుని ఆ ఓటు ఎందుకు వేశారో రెండు పేజీలు రాయండి. మన వైపు నుంచి కాదు, వాళ్ల వైపు నుంచి.

ఒకటి నేనే ఇస్తాను. భూటాన్. 1949 ఒప్పందంలో విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటామని రాసిచ్చింది. 2007లో ఆ మాట తీసేశారు. భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వం ఉన్న ఐదు దేశాల్లో దేనితోనూ దానికి నేటికీ దౌత్య సంబంధాలు లేవు. అలాంటి దేశం 2022 మార్చి 2న, ఉక్రెయిన్ మీద రష్యా దాడిని ఖండించే తీర్మానానికి అవునని ఓటేసింది. మనం ఆరోజు ఓటింగ్‌కి దూరంగా ఉన్నాం. థింఫూలో ఆ ముందు రోజు ఏం ఆలోచించి ఉంటారు? ఇది ఎవరు తీసుకుంటారు?